రాత్రి క్వార్టరు, పొద్దున షిఫ్టు

ఆదోనిలో పత్తి జిన్నింగ్ ఫ్యాక్టరీ గేటు దాటేవాడి జేబులో బీడీ కట్ట, అగ్గిపెట్టె ఉండకూడదు. ఈ నియమం మీద ఎవరూ వాదించరు. దూది గుట్టల మధ్య ఒక్క నిప్పురవ్వ పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. 170 కిలోల బేలు లోపల నిప్పు పైకి పొగ కూడా రానివ్వకుండా చాలాసేపు రాజుకోగలదని పాత హమాలీలు కొత్తవాళ్లకు చెబుతుంటారు. మందు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మాట తీరు మారిపోతుంది. "లోపల తాగాడా ఏమన్నా? రాత్రెప్పుడో తాగినాడు. ఇప్పుడేం నష్టం?" అంటారు.

ఈ ప్రశ్నకు శరీరశాస్త్రం దగ్గర కచ్చితమైన జవాబు ఉంది. ఆ జవాబు ముప్పై ఏళ్లుగా యంత్రం దగ్గర నిలబడినవాడికంటే, నిన్న మొన్న చేరిన అప్రెంటిస్‌కు ఎక్కువ వర్తిస్తుంది.

పశ్చిమ కర్నూలులో పని నేర్చుకునే కుర్రాళ్లు ఒక్కచోట లేరు. ఆదోని జిన్నింగ్, నూనె మిల్లుల్లో ఉన్నారు. నూలు మిల్లుల్లో ఉన్నారు. ఆదోని, ఎమ్మిగనూరు ఆర్టీసీ డిపోల్లాంటి గ్యారేజీల్లోకి ఐటీఐ చదివి అప్రెంటిస్‌లుగా వెళతారు. రోడ్డు పక్క మెకానిక్ షెడ్లలో, లేత్ షాపుల్లో మేస్త్రి చేతికింద ఉంటారు. 1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో, ఇంట్లోనే మగ్గం గుంతలో కూర్చుని పని నేర్చినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. అమ్మానాన్నలు ఏటా సుగ్గికని వలస వెళ్లిపోతే అవ్వాతాతల దగ్గర పెరిగి, ఆ ఇంట్లో మొట్టమొదట యంత్రం మీద చెయ్యి వేసిన పిల్లలూ వీళ్లలో ఉన్నారు. మందు, మత్తు విషయంలో శిక్షణ చోటు పెట్టే నియమం ఈ పిల్లల వేళ్లకు సంబంధించింది.

గడియారం లెక్క

మన దగ్గర మామూలుగా దొరికే విస్కీ, బ్రాందీల్లో ఆల్కహాల్ పాళ్లు 42.8 శాతం. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 77 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. తూకంలో చెబితే సుమారు 61 గ్రాములు. సరిహద్దు దాటి దొంగచాటుగా వచ్చే కర్ణాటక టెట్రా ప్యాకెట్లు 90 మిల్లీలీటర్లవి రెండు తాగినా లెక్క అంతే.

స్వీడన్ శాస్త్రవేత్త ఎరిక్ విడ్‌మార్క్ 1930ల నాటికే ఒక సూత్రం తయారుచేశాడు. తాగిన ఆల్కహాల్ గ్రాములను మనిషి బరువుతో, శరీరంలోని నీటి పాళ్లను సూచించే ఒక సంఖ్యతో భాగిస్తే రక్తంలో ఎంత చేరుతుందో అంచనా కట్టవచ్చు. మగవాళ్లకు ఆ సంఖ్య సుమారు 0.7. యాభై ఐదు కిలోల కుర్రాడు క్వార్టరు తాగితే 100 మిల్లీలీటర్ల రక్తంలో దాదాపు 160 మిల్లీగ్రాముల ఆల్కహాల్ చేరుతుంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ డ్రైవరుకు పెట్టిన హద్దు 30 మిల్లీగ్రాములు.

ఇక అది దిగడం. కాలేయంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైమ్ ఆల్కహాల్‌ను ఎసిటాల్డిహైడ్‌గా, ఇంకో ఎంజైమ్ దాన్ని ఎసిటిక్ ఆమ్లంగా మారుస్తాయి. ఈ ఎంజైముల సామర్థ్యానికి హద్దు ఉంది. కొద్దిపాటి ఆల్కహాల్‌తోనే అవి పూర్తిగా నిండిపోతాయి, ఆపైన ఎంత తాగినా వాటి వేగం పెరగదు. మార్కెట్ యార్డు బయట పత్తి బండ్లు ఎన్ని బారులు తీరినా లోపల ఒక్కటే కాటా ఉంటే, అది తన వేగంతోనే తూస్తుంది కదా, ఇదీ అంతే. సగటున గంటకు 15 మిల్లీగ్రాములు తగ్గుతుంది. మనిషిని బట్టి 10 నుంచి 20 మధ్య ఉంటుంది. కాఫీ తాగినా, నిమ్మరసం పిండుకున్నా, మజ్జిగ తాగినా, చన్నీళ్ల స్నానం చేసినా ఈ వేగం మారదు. కాఫీ నిద్రమత్తు వదిలిస్తుంది, అంతే. మెలకువగా ఉన్న తాగుబోతు తయారవుతాడు.

ఇప్పుడు రాత్రి 10 గంటలకు క్వార్టరు ముగించిన కుర్రాడు పొద్దున 6 గంటల షిఫ్టుకు వచ్చాడనుకుందాం. ఎనిమిది గంటల్లో 120 మిల్లీగ్రాములు దిగాయి. ఇంకా 40 మిగిలాయి. అతను బండి నడుపుతూ దొరికితే కేసే. తాను మాత్రం పడుకుని లేచాను, పళ్లు తోముకున్నాను, దిగిపోయింది అనుకుంటాడు. పెళ్లి ఊరేగింపులోనో తిరునాళ్లలోనో క్వార్టరున్నర పడితే లెక్క ఇంకా మారుతుంది. రక్తంలో 240 దాకా చేరుతుంది. పొద్దున ఆరింటికి 120 ఉంటుంది. సున్నాకు రావడానికి పదహారు గంటలు పడుతుంది, అంటే మధ్యాహ్నం 2 గంటలకు, షిఫ్టు దిగే వేళకు గానీ రాదు. ఆ రోజంతా అతను తాగే పనిచేసినట్టు. గేటు లోపల చుక్క కూడా ముట్టకపోయినా సరే.

విమానం నడిపేవాళ్లకు మన దేశంలో 12 గంటల ముందు నుంచి మద్యం నిషేధం, ఆపైన రక్తంలో సున్నా ఉండాలనే నియమం ఈ గడియారం లెక్క నుంచి వచ్చినవే. "పనిచోట తాగరాదు" అని గోడ మీద రాసిన బోర్డు చోటు గురించి మాట్లాడుతుంది. ఆల్కహాల్‌కు చోటుతో పని లేదు, గంటలతోనే పని.

మేస్త్రి చెయ్యి, కుర్రాడి చెయ్యి

"మా మేస్త్రి రోజూ వేసుకునే వస్తాడు, ఒక్కరోజు కూడా వేలు తెగలేదు" అని ప్రతి షెడ్డులోనూ ఒక కథ ఉంటుంది. చాలాసార్లు అది నిజమే. కుర్రాడు దాన్నుంచి తీసే అర్థం మాత్రం తప్పు.

కొత్త పని చేతికి మూడు దశల్లో అలవడుతుందని 1967లో పాల్ ఫిట్స్, మైకేల్ పోస్నర్ అనే మనోవిజ్ఞానులు చెప్పారు. మొదటి దశలో ప్రతి కదలికనూ మనసులో అనుకుని చేస్తాం. రెండో దశలో తప్పులు తగ్గుతాయి. మూడో దశలో చెయ్యి తనంత తానే పోతుంది, మాట్లాడుతూ కూడా చేయవచ్చు. మొదటి దశలో బరువంతా నుదుటి వెనక ఉన్న ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ మీద పడుతుంది. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి అని నిర్ణయించేది అదే. అలవాటు పడ్డాక పని మెదడు లోపలి పొరల్లోని వలయాలకు దిగుతుంది.

ఆల్కహాల్ మెదడులో రెండు పనులు చేస్తుంది. నాడీకణాలను నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం బలం పెంచుతుంది. కణాల మధ్య సందేశాలు చేరవేసే గ్లుటమేట్‌కు ఎన్‌ఎండీఏ గ్రాహకాల దగ్గర అడ్డం పడుతుంది. మొదట దెబ్బతినేవి నిర్ణయం, నిగ్రహం, రెండు విషయాల మీద ఒకేసారి పెట్టే ధ్యాస. తూలడం, మాట తడబడడం తర్వాతి సంగతి. అమెరికా రహదారి భద్రతా సంస్థ కోసం 2000లో పాత పరిశోధనలను పోగేసి చేసిన సమీక్షలో, కొన్ని నైపుణ్యాలు రక్తంలో ఆల్కహాల్ సున్నా దాటిన దగ్గర నుంచే తగ్గడం మొదలవుతుందని తేలింది. 50 మిల్లీగ్రాములకు వచ్చేసరికి చాలా అధ్యయనాల్లో లోపం స్పష్టంగా కనిపించింది.

జిన్నింగ్ యంత్రం దగ్గరికి వెళ్లి చూద్దాం. డబుల్ రోలర్ జిన్నులో తోలు పొరల రోలర్లు పత్తిని పట్టి లాగుతాయి. వాటికి ఆనుకుని కదలని కత్తి, పక్కన వేగంగా ఆడే కత్తి ఉంటాయి. గింజ ఇవతల పడుతుంది, దూది అవతలకు పోతుంది. ఒక్కోసారి పత్తి రోలరుకు చుట్టుకుని ఇరుక్కుంటుంది. అప్పుడు చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది. దాన్ని వెనక్కి లాగి, స్విచ్చు ఆపి, రోలరు పూర్తిగా నిలిచాక ముట్టుకోవాలి. నూలు మిల్లు కార్డింగ్ యంత్రంలో సిలిండరు బరువైనది. కరెంటు తీసినా నిమిషాల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఆగింది అనుకుని మూత తీసినవాడి సంగతి మిల్లులో ఎవరినడిగినా చెబుతారు.

మేస్త్రికి ఆ ఆగడం అలవాటైపోయింది. కుర్రాడికి అది ఇంకా ఆలోచించి చేయాల్సిన పని. ఆల్కహాల్ ముందు తీసుకుపోయేది ఆ ఆలోచననే. అందుకే ఒకే మోతాదు మేస్త్రి చేతిని కాస్త నెమ్మదింపజేస్తే, కుర్రాడి చేతిని కత్తి దాకా పంపుతుంది. మేస్త్రికైనా ఆ అలవాటు రోజువారీ పని వరకే పనికొస్తుంది. బెల్టు తెగినా, పక్కవాడు అరిచినా, అనుకోనిది ఏం జరిగినా అలవాటు ఆదుకోదు, అతని మెదడూ ఆలోచించాల్సిందే.

వయసు కూడా కలిసొస్తుంది. ప్రీఫ్రాంటల్ కార్టెక్స్ పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటి మరో నాలుగైదేళ్లు పడుతుంది. కుర్ర వయసు ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఒక వింత బయటపడింది. పెద్ద ఎలుకలతో పోలిస్తే వాటికి తూలడం, నిద్రమత్తు తక్కువ, జ్ఞాపకశక్తికి దెబ్బ మాత్రం ఎక్కువ. మనుషులకూ ఇది కొంతవరకు వర్తిస్తే, పద్దెనిమిదేళ్లవాడు "నాకేం ఎక్కలేదు" అన్నప్పుడు అది నిజంగానే అతనికి అలా అనిపిస్తుండవచ్చు. ప్రమాదం అక్కడే ఉంది.

నిద్రలో సాగే శిక్షణ

2002లో హార్వర్డ్ పరిశోధకులు కొందరికి వేళ్లతో ఒక వరుసలో మీటలు నొక్కడం నేర్పారు. మర్నాడు మళ్లీ నొక్కించారు. మధ్యలో కొత్త సాధన లేదు, ఒక రాత్రి నిద్ర మాత్రమే ఉంది. వేగం దాదాపు 20 శాతం పెరిగింది, తప్పులు పెరగలేదు. పగలంతా మెలకువగా ఉన్నవాళ్లలో అంత మెరుగు రాలేదు. పగలు చెయ్యి నేర్చినదాన్ని రాత్రి మెదడు సర్దిపెడుతుంది. ఫైలు పట్టడం, వెల్డింగ్ గీత సూటిగా లాగడం, తెగిన పోగు ముడి వేయడం అన్నీ ఈ కోవలోనివే.

ఆల్కహాల్ త్వరగా నిద్ర పట్టిస్తుంది, దాన్ని చూసి బాగా పట్టిందనుకుంటాం. రాత్రి మొదటి సగంలో కలలు వచ్చే నిద్రను అది నొక్కేస్తుంది. రెండో సగంలో కాలేయం పని ముగిసేకొద్దీ నిద్ర ముక్కలు ముక్కలవుతుంది. తెల్లవారుజామున దాహం, గుండె దడ, మెలకువ వస్తాయి. రాత్రి తాగిన అప్రెంటిస్ రెండు రోజులు పోగొట్టుకుంటాడు. మర్నాటి పనితోపాటు, నిన్న నేర్చుకున్నదాంట్లోనూ కొంత పోతుంది. జీతం తీసుకునే ఉద్యోగికి ఈ రెండో నష్టం తక్కువ. అప్రెంటిస్ వచ్చిందే నేర్చుకోవడానికి.

గంజాయి, కల్లు, దగ్గు బిళ్ల

మత్తు పదార్థాలన్నిటికీ ఒకే గడియారం వర్తించదు. గంజాయిలోని టీహెచ్‌సీ కొవ్వులో కరుగుతుంది, అందుకే శరీరం దాన్ని కొవ్వులో దాచుకుని మెల్లగా వదులుతుంది. ఎప్పుడో ఒకసారి పీల్చినవాడి మూత్రంలో కొన్ని రోజులు, రోజూ పీల్చేవాడి మూత్రంలో వారాల తరబడి దాని ఆనవాలు కనపడుతుంది. అంటే మూత్ర పరీక్ష పాజిటివ్ వస్తే ఆ మనిషి పీల్చాడని చెప్పవచ్చు, ఈ క్షణాన మత్తులో ఉన్నాడని చెప్పలేం. పీల్చిన కొన్ని గంటలకే మత్తు వదిలిందనీ ధైర్యంగా చెప్పలేం. 1985లో స్టాన్‌ఫర్డ్‌లో పదిమంది పైలట్ల మీద చేసిన చిన్న అధ్యయనంలో, గంజాయి పీల్చిన 24 గంటల తర్వాత కూడా కృత్రిమ విమానాన్ని దింపడంలో తేడాలు కనిపించాయి. తమ పనిలో తేడా వచ్చిందని వాళ్లకు తెలియలేదు.

కల్లు సంగతి వేరు. చెట్టు నుంచి దించిన కల్లులో ఆల్కహాల్ తక్కువే. తెలంగాణలో దశాబ్దాలుగా పట్టుబడుతున్నది కల్తీ కల్లు. అందులో క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం కలుపుతారు. ఇవీ మెదడులో గాబా బలాన్నే పెంచుతాయి, ఆల్కహాల్‌తో కలిస్తే ఒకదానికొకటి తోడై ఊపిరి కూడా మందగిస్తుంది. నాటుసారాలో ఎంత బలం ఉందో కాచినవాడికే తెలియదు. మిథనాల్ కలిసిన సారా కళ్లు పోగొట్టేది, శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మార్చుకోవడం వల్లే.

నియమాల్లో ఎవరూ రాయని మత్తు ఒకటుంది. జిన్నింగ్, నూలు మిల్లుల్లో దూది ధూళి గొంతులోకి పోతుంది. దగ్గు వస్తుంది. సెలవు తర్వాత మళ్లీ పనికి చేరిన మొదటిరోజు ఛాతీ బిగుసుకునే బిసినోసిస్ అనే జబ్బు పత్తి కార్మికులకు పాత శత్రువు. కుర్రాడు మందుల షాపుకెళ్లి జలుబు బిళ్ల, దగ్గు మందు తెచ్చుకుంటాడు. చాలా జలుబు బిళ్లల్లో క్లోర్‌ఫెనిరమిన్ ఉంటుంది, అది నిద్రమత్తు తెస్తుంది. కొన్ని దగ్గు మందుల్లో కోడీన్ ఉంటుంది. దానిమీద రాత్రి మందు కూడా పడితే మత్తు రెట్టింపు. దీనికి శిక్ష వేయడం అన్యాయం, పట్టించుకోకపోవడం ప్రమాదం. "బిళ్ల వేసుకున్నాను" అని ఫోర్‌మన్‌కు చెప్పిన రోజు కుర్రాణ్ని తిరిగే యంత్రం దగ్గర కాకుండా స్టోరులో పెడితే సరిపోతుంది.

ఊదుడు యంత్రం ఏం చెబుతుంది

ఆర్టీసీ డిపోల్లో డ్రైవరు బండి తీసే ముందు ఊదే యంత్రంలో చిన్న ఫ్యూయల్ సెల్ ఉంటుంది. ఊపిరిలోని ఆల్కహాల్ ప్లాటినం పలక మీద ఎసిటిక్ ఆమ్లంగా మారేటప్పుడు కరెంటు పుడుతుంది. ఆల్కహాల్ ఎంత ఉంటే కరెంటు అంత. ఊపిరితిత్తుల్లో రక్తానికీ గాలికీ మధ్య ఆల్కహాల్ ఒక నిష్పత్తిలో పంచుకుంటుంది, దాన్ని 2100కి 1గా తీసుకుని యంత్రం రక్తంలో పాళ్లు చెబుతుంది.

ఈ యంత్రం నమ్మదగినదే, దానికి కొన్ని షరతులున్నాయి. నోట్లో ఇప్పుడే పోసుకున్న మౌత్‌వాష్, ఆల్కహాల్ ఉన్న సిరప్పు, హోమియో చుక్కలు అంకెను అమాంతం పెంచుతాయి. నోరు పుక్కిలించి 15 నిమిషాలు ఆగి మళ్లీ ఊదిస్తే ఆ తేడా పోతుంది. యంత్రాన్ని ఎప్పటికప్పుడు సరిచూడాలి. వాసన, నడక చూసి తాగాడని తేల్చేయడం చాలదని 1971లోనే సుప్రీంకోర్టు మహారాష్ట్రకు చెందిన ఒక కేసులో చెప్పింది. ఒక్కసారి ఊదిన కాగితం పట్టుకుని కుర్రాడి భవిష్యత్తు తేల్చకూడదు. మొదటి పరీక్ష అతన్ని యంత్రం దగ్గర్నుంచి తప్పించడానికి. శిక్ష దాకా వెళ్లాలంటే రెండో పరీక్ష, అవసరమైతే రక్త పరీక్ష ఉండాలి.

చట్టంలో అప్రెంటిస్

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ప్రకారం అప్రెంటిస్ ఉద్యోగి కాడు, శిక్షణలో ఉన్నవాడు. అయినా 17వ సెక్షన్ ఒక మాట స్పష్టంగా చెప్పింది. ప్రవర్తన, క్రమశిక్షణ విషయాల్లో ఆ సంస్థలో అదే తరగతి ఉద్యోగులకున్న నియమాలే అతనికీ వర్తిస్తాయి. డిపో మెకానిక్ తాగి రాకూడదంటే అక్కడి అప్రెంటిస్ కూడా రాకూడదు. ఒప్పందం రద్దు చేయాలంటే మాత్రం యజమాని ఇష్టప్రకారం కుదరదు, 7వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్‌షిప్ అడ్వైజర్ దగ్గరికి వెళ్లాలి.

కుర్రాళ్లకు ఎవరూ చెప్పని సంగతి 16వ సెక్షన్‌లో ఉంది. శిక్షణలో గాయమైతే యజమాని నష్టపరిహారం ఇవ్వాలి. ఆ లెక్క 1923 నాటి పరిహార చట్టం నుంచి వచ్చింది. ఆ చట్టంలో ఒక మినహాయింపు ఉండేది. ప్రమాదానికి నేరుగా కారణం మద్యమో మత్తుమందో అయితే, చావుకూ శాశ్వత పూర్తి వైకల్యానికీ తప్ప మిగతా గాయాలకు యజమాని బాధ్యుడు కాడు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోనూ ఈ మినహాయింపును అలాగే ఉంచారు. వేలు తెగితే అది పాక్షిక వైకల్యం. చట్టం పట్టికలో బొటనవేలు మొత్తం పోతే సంపాదన శక్తిలో 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం నష్టమని రాసి ఉంటుంది. జిన్నులో, ప్రెస్సులో, లేత్‌లో ఎక్కువగా జరిగేవి ఇలాంటి గాయాలే, మినహాయింపు వాటికే తగులుతుంది. రాత్రి తాగిన క్వార్టరుకు వేలుతోపాటు పరిహారం కూడా పోవచ్చు.

వయసు సంగతికొస్తే, ఆంధ్రప్రదేశ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. చాలామంది అప్రెంటిస్‌లు ఆ హద్దుకు ఇవతలే ఉంటారు. వాళ్లు తాగేది ఎక్కడినుంచి వస్తుందో ఊహించడం కష్టం కాదు. పనిలో చేరిన కొత్తలో మొదటి స్టైపెండ్ రాగానే "పార్టీ ఏదిరా?" అని అడిగేది పెద్దవాళ్లే. "ఒక క్వార్టరు పట్టుకురాపో" అని డబ్బులు చేతిలో పెట్టేదీ వాళ్లే. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ కింద పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు మద్యమో మత్తుమందో ఇస్తే ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష వరకు జరిమానా. 78వ సెక్షన్ ప్రకారం పిల్లలతో మద్యం మోయించినా, తెప్పించినా నేరమే. ఈ చట్టం ఒప్పంద కాగితం లేని మెకానిక్ షెడ్డుకూ వర్తిస్తుంది.

మంచి నియమం ఎలా ఉంటుంది

మొదటిది, అంకె సున్నా ఉండాలి. 30 మిల్లీగ్రాముల దాకా పరవాలేదంటే కుర్రాడు లెక్కలు వేయడం మొదలుపెడతాడు. రెండోది, గంటలు రాయాలి. షిఫ్టుకు ఇన్ని గంటల ముందు నుంచి తాగరాదని చేరిన రోజే తెలుగులో రాసిచ్చి, పైన వేసిన క్వార్టరు లెక్కను బోర్డు మీద చేసి చూపించాలి. మూడోది, డాక్టరు రాసిన బిళ్లల గురించి చెప్పుకోవడానికి భయపడని ఏర్పాటు ఉండాలి.

నాలుగోది, చికిత్సకు తలుపు. రోజూ తాగడానికి అలవాటుపడినవాడు ఒక్కసారి మానేస్తే ఆరు గంటల తర్వాతి నుంచి చేతులు వణుకుతాయి. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు, ఆ తర్వాత మతి భ్రమించే స్థితి కూడా రావచ్చు. అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడినవాడికీ మూర్ఛ ముప్పు ఉంది. అలాంటి వాణ్ని సున్నా నియమం పేరుతో డాక్టరు లేకుండా మాన్పించి యంత్రం దగ్గర నిలబెడితే తాగినప్పటికంటే ప్రమాదం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రచురించిన మార్గదర్శకాలు మద్యం, మత్తు సమస్యను మిగతా ఆరోగ్య సమస్యల్లాగే చూడాలన్నాయి. మన మత్తుమందుల చట్టం కూడా 64ఏ సెక్షన్‌లో, తనకు తానుగా చికిత్సకు ముందుకొచ్చిన వ్యసనపరుడికి చిన్న మోతాదు కేసుల్లో శిక్ష నుంచి రక్షణ ఇచ్చింది. వ్యసనం మాన్పించే జాతీయ సహాయ నంబరు 14446. గంజాయి అమ్మకాల గురించి చెప్పడానికి రాష్ట్రంలో ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది.

అయిదోదే అన్నిటికంటే కష్టం. నియమం అందరికీ ఒక్కటే కావాలి. కుర్రాళ్లను వరుసలో నిలబెట్టి ఊదించి, మేస్త్రిని పక్కనుంచి లోపలికి పంపే శిక్షణలో కుర్రాడు నేర్చుకునేది ఒక్కటే: సీనియర్ అయితే తాగి రావచ్చని. మేస్త్రి చెయ్యి చూసి కుర్రాడి చెయ్యి నేర్చుకుంటుంది, మేస్త్రి అలవాటు కూడా ఆ వెంటే వస్తుంది. అందుకని యంత్రం తెచ్చిన మొదటిరోజు మొట్టమొదట ఊదాల్సింది మేస్త్రి, ఆ వెనకే ఫోర్‌మన్, ఆ తర్వాతే అప్రెంటిస్‌లు.